గిరీశం చుట్ట, మధురవాణి పాఠం

గిరీశం మోసగాడని పరీక్ష కాగితం మీద రాయని విద్యార్థిని యీ పదేళ్ళ ఉద్యోగంలో నేను చూడలేదు. తరగతిలో గిరీశం మాటలు చదువుతూంటే మొహం విప్పారని విద్యార్థినీ చూడలేదు. చెయ్యి ఒకటి రాస్తుంది, మొహం మరొకటి చెపుతుంది. యీ రెంటికీ మధ్యనున్న తేడాను మన విమర్శకులు చాలామంది పట్టించుకోరు. క్షీణిస్తున్న ఒక వర్గానికి ప్రతినిధి అని గిరీశానికి చీటీ అంటించి మధురవాణి దగ్గరికి వెళ్ళిపోతారు. చీటీ తప్పని నేననను. కాని 1909లో 'కన్యాశుల్కం' రెండవ కూర్పు వెలువడిన నాటినుంచి నేటిదాకా, వందేళ్ళు దాటినా, యీ మోసగాణ్ణి మనం ఇంటికి పిలిచి పీట వేస్తూనే వున్నాం. 1955లో ఆ నాటకాన్ని సినిమాగా తీసినప్పుడు గిరీశం వేషం కట్టినవారు నందమూరి తారక రామారావు. మోసగాడి వేషానికి అంత గిరాకీ వూరికే వస్తుందా?

వెంకటేశం వైపునుంచి చూడండి. కుర్రవాడు పరీక్ష తప్పాడు. ఇంటికి వెడితే తండ్రి అగ్నిహోత్రావధాన్లు కోపం కాచుకుని వుంటుంది. ఆ కోపానికి లెక్కా జమా లేదు. అది వేదంతో పాటు వచ్చిన ఆస్తి. బడి అంటే అతనికి తెలిసిందల్లా పుస్తకాల జాబితా. చుట్టూ వున్న పెద్దల్లో అతని పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు, అతని ప్రశ్నకు ప్రశ్నగా విలువ ఇచ్చేవాడు, అతన్ని నవ్వించేవాడు ఒకే ఒకడు. ఆ ఒకడు చుట్ట కాల్చడం నేర్పాడు. తనకు అబ్బిన విద్య అదొక్కటేనని శిష్యుడే ఒకసారి పైకి అనేస్తాడు. తనతో సంభాషించడమే విద్యాభ్యాసమన్నట్టుగా గురువు దాటవేస్తాడు. మనం నవ్వుతాం. కాని ఆ దాటవేతలో సగం నిజం వుంది. బెత్తం పట్టుకున్న పెద్దలమధ్య పెరిగిన పిల్లవాడికి, తనతో సమానంగా మాట్లాడే పెద్దవాడు దొరకడమే ఒక చదువు. గురజాడ ఆ సగం నిజాన్ని గిరీశం నోట పెట్టడం వల్లనే గిరీశం బతికాడు. పూర్తి అబద్ధమే ఆడేవాడైతే బొంకులదిబ్బ దాటకముందే మనం అతన్ని మరిచిపోయి వుందుము.

హాస్యం, చిన్న చిన్న సుఖాలు, దారి చూపే పెద్దమనిషి: మనిషికి రేపటిమీద ఆశ పుట్టించేవి యీ మూడూ. యీ మూడూ గిరీశం చేతిలో వున్నాయి. అతని సరుకంతా ఇదే. విద్య లేదు, ఉద్యోగం లేదు, ఆస్తి లేదు. ఎదుటివాడికి ఉత్సాహం పుట్టించే నోరు మాత్రం వుంది. ఆ నోటితో పూటకూళ్ళమ్మ దగ్గర సరుకులు తెస్తానని ఇరవై రూపాయలు పట్టుకుపోయి మధురవాణి కోసం ఖర్చుపెట్టాడు. అదే నోటితో అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో భోజనం, మర్యాద, ఆయన కోర్టు దస్తావేజులమీద పెత్తనం సంపాదించాడు. ఉత్సాహాన్ని అమ్ముకుని బతకడం ఒక వృత్తి అవుతుందని తెలుగులో మొదట కనిపెట్టినవాడు గురజాడేనని నా నమ్మకం.

ఇప్పుడు ఆ వృత్తి బాగా ముదిరింది. పోయిన సంవత్సరం మా కాలేజీకి ఒక ఉపన్యాసకుణ్ణి పిలిచారు. విద్యార్థుల్లో స్ఫూర్తి నింపడం ఆయన పని. రెండు గంటలు మాట్లాడాడు. నాలుగు హాస్యపు కథలు చెప్పాడు. పొద్దున్నే లేచి కాఫీ కప్పును ప్రేమతో పట్టుకోమన్నాడు, అద్దంలో చూసుకుని నవ్వమన్నాడు, జీవితంలో ఒక గురువును వెతుక్కోమన్నాడు. ఆ గురువు తానే అని చివర్లో తన శిక్షణ తరగతుల కాగితాలు పంచినప్పుడు తెలిసింది. ఫీజు కాగితం అడుగున చిన్న అక్షరాల్లో వుంది. వెనక బల్లమీద కూర్చున్న కుర్రవాడొకడు నావైపు వంగి, "మాస్టారూ, గిరీశానికి మైకు దొరికింది" అన్నాడు. నా విద్యార్థులు రాసిన వ్యాసాలన్నిటిలోనూ అంత మంచి విమర్శ వాక్యం నాకు దొరకలేదు. అయితే అదే కుర్రవాడు ఆ కాగితాన్ని పారెయ్యలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. దాన్ని చూసి నవ్వడం నావల్ల కాలేదు. వాడికి కావలసినదేదో ఆ కాగితం మీద వుంది, మా పాఠాల్లో లేదు. ఆ మాట మేం, అంటే ఉపాధ్యాయులం, దాచుకోనక్కరలేదు.

ఇక్కడే 'కన్యాశుల్కం' మనకు పనికివస్తుంది. యీ సరుకు పుచ్చు సరుకని తేల్చిచెప్పి అది వూరుకోదు. ఖరీదు ఎవరు ఇస్తున్నారో లెక్క చూపిస్తుంది.

అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో గురుశిష్యులు ఇంగ్లీషులో మాట్లాడే దృశ్యాన్ని మళ్ళీ చదవండి. కొడుకు ఇంగ్లీషు ఎలా మాట్లాడతాడో వినాలని తల్లిదండ్రులకు కోరిక. గురువు, శిష్యుడు చిన్నపిల్లల పాట ముక్కలూ, పాఠ్యపుస్తకాల పేర్లూ, నోటికొచ్చిన మాటలూ కలిపి దంచుతారు. రంగస్థలంమీద యీ దృశ్యం పండకపోవడమంటూ లేదు. ప్రేక్షకులు నవ్వేది గిరీశం గడుసుతనం చూసి. ఆ నవ్వులో వెంకమ్మ మొహం ఎవరూ చూడరు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా కొడుకు నోట ఆ చప్పుడు వినడమే ఆమెకు పండుగ. ఆమె జీవితంలో ఆ నాటకం మొత్తానికీ మనకు కనిపించే సుఖం ఆ ఒక్క క్షణమే అనుకుంటాను. కొడుకు చదువుకోసం, పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమలకని ఇచ్చిన భూమి అమ్మేందుకైనా ఆమె సిద్ధపడింది. ఒకవైపు భూమి, ఇంకొకవైపు నాలుగు అర్థంలేని మాటలు. గిరీశం హాస్యానికి ఖరీదు ఆ తూకంలో తెలుస్తుంది. ఎకరం అమ్మి కొడుకును పట్నం శిక్షణ తరగతుల్లో చేర్పించే తల్లులు యీనాడు మన జిల్లాల్లో ఎంతమంది వున్నారో చదువరులకు నేను చెప్పనక్కరలేదు. వెంకమ్మ అజ్ఞానాన్ని చూసి గురజాడ నవ్వలేదు. నవ్వు అయిపోయాక మన గొంతులో ఏదో అడ్డం పడేటట్టు మాత్రం చేశాడు.

గురజాడ హాస్యం ఎక్కడ పుట్టిందో మరిచిపోతే యీ పని అర్థం కాదు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్క వివాహాల పట్టిక తయారుచేయించారు. 1897 నాటి మొదటి కూర్పు పీఠికలో ఆ అంకెలున్నాయి: మొత్తం 1034. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఇలాంటి కాగితం చేతిలో పెట్టుకుని కూర్చున్నవాడు మామూలుగా ఏం రాస్తాడు? శోకం రాస్తాడు, లేదా ఉపన్యాసం రాస్తాడు. గురజాడ ప్రహసనం రాశాడు. పద్ధెనిమిది వందలకు సుబ్బిని లుబ్ధావధాన్లకు అమ్మే బేరం ఆ 1034లో ఒకటి. దాన్ని ఆపడానికి ఆయన నాటకంలో వాడిన ఆయుధం చట్టం కాదు, శాస్త్రార్థం కాదు; ఒక కుర్రవాడు కట్టిన ఆడవేషం. పెద్దల వ్యాపారాన్ని పిల్లలాటతో దెబ్బకొట్టించాడు.

ఆ ఆటలో ఇంకో గురుశిష్యుల జంట కనబడుతుంది. కరటకశాస్త్రి వెంకమ్మకు తోబుట్టువు, నాటకాల్లో విదూషకుడు. అతని శిష్యుడు మహేశం. వీళ్ళిద్దరిమధ్య జరిగే సంభాషణ గిరీశం వెంకటేశం సంభాషణకు పక్కపక్కన పెట్టి చూడదగ్గది. శిష్యుడికి సంస్కృత కావ్యాలమీద విసుగు. అవి అన్నం పెట్టవని తెలుసు. గురువు అతన్ని కొట్టడు, నీతులు చెప్పడు. వేషం వెయ్యమంటాడు, నెగ్గితే పిల్లనిస్తానంటాడు. బేరం ఇక్కడా వుంది, కాదనను. పిల్లను బహుమతిగా చూపడం ఆ కాలపు మురికే. కన్యాశుల్కాన్ని ఎదిరించే పనిలో కూడా కన్య ఒక చెల్లింపుగానే వుందని గురజాడ గమనించాడో లేదోగాని, మనం గమనించి తీరాలి. అయినా ఒక తేడా వుంది. గిరీశం శిష్యుడు నేర్చుకున్నది గిరీశానికే పనికివస్తుంది. కరటకశాస్త్రి శిష్యుడి అల్లరి ఒక పసిపిల్ల మెడను కాపాడింది.

సారా దుకాణంలో బైరాగి గురుపీఠం గూర్చి ఎక్కువ చెప్పను. హరిద్వారం కబుర్లు చెప్పి తాగించుకుని తాగే ఆ గురువును మన వీధుల్లో రోజూ చూస్తూనే వున్నాం. దుకాణంలో సారా బదులు వేరే మత్తులు వచ్చాయి, అంతే.

మధురవాణి సంగతి వేరు. మొదటి కూర్పుకంటే రెండవ కూర్పులో ఆమె పాత్ర బాగా పెరిగింది. ఎందుకు పెరిగిందని చాలామంది అడిగారు, చాలా జవాబులు వచ్చాయి. నా జవాబు ఇది: గిరీశానికి ఎదురు నిలబెట్టడానికి, గిరీశం చేతిలో వున్న సరుకే చేతిలో వున్న మనిషి కావాలి. ఆమె దగ్గరా హాస్యం వుంది, గిరీశంకంటే పదును. ఆమె దగ్గరా చిన్న సుఖాలున్నాయి. పాట, వీణ, పేకాట. ఆ పేకాట దృశ్యంలో పోలిశెట్టి, సిద్ధాంతి, భుక్త చుట్టూ కూర్చుంటే, వూరిలో పెద్దమనుషులనబడేవాళ్ళ నిజస్వరూపం ముక్కముక్కగా బయటపడుతుంది. ఆమె ఒక్క ఉపన్యాసం ఇవ్వదు. ఆడిస్తుంది, నవ్విస్తుంది, చూస్తుంది. నవ్వుతూన్నవాడు తనను తాను కాపలా కాసుకోడని ఆమెకు తెలుసు. గిరీశానికీ తెలుసు. ఇద్దరి విద్యా ఒకటే. దాన్ని దేనికి వాడారన్నదే ప్రశ్న.

చివరి అంకంలో విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులి దగ్గరకు ఆమె మగవేషంలో వెడుతుంది. ఆయన మంచివాడు, సంస్కర్త, వేశ్యల మొహం చూడనన్న నియమంవాడు. నాటకంలో హాస్యం తెలియని సజ్జనుడు ఆయనొక్కడే. మన వుద్యమాల్లో యీ రకం పెద్దలు తక్కువేం కారు. వాళ్ళమీద నాకు గౌరవముంది, వాళ్ళ సభలో రెండు గంటలు కూర్చునే ఓపిక మాత్రం లేదు. ఆయన నియమంలోని డొల్లతనాన్ని మధురవాణి ఆక్షేపించి చూపించదు. మారువేషంలో కూర్చుని, వేశ్య మంచిదయ్యే వీలుందా అని అమాయకంగా అడుగుతూ, ఒక్కొక్క ప్రశ్నతో ఆయన్నే ఆయన మాటలముందు నిలబెడుతుంది. గురువు స్థానంలో వున్నవాడు శిష్యుడవుతున్నాడు, ఆ మార్పు ఆయనకే తెలియదు.

తరువాత ఫీజు. ఖూనీ కేసులో ఇరుక్కున్న లుబ్ధావధాన్లు బయటపడే రహస్యం చెప్పినందుకు ఆమె అడిగిన ప్రతిఫలం ఒక ముద్దు. పంతులు మాటకు కట్టుబడి ముందుకు వస్తాడు. అప్పుడామె వెనక్కి తగ్గుతుంది. చెడనివాళ్ళను చెడగొట్టవద్దని తన తల్లి చెప్పిందంటుంది. యీ ఘట్టంలో అందరూ మధురవాణి ఔదార్యాన్ని మెచ్చుకుంటారు. నన్ను ఆపింది ఆ తల్లి. రంగంమీదికి రాదు, పేరు లేదు, నాటకమంతటిలో ఆమె వాటా ఒకే ఒక ప్రస్తావన. వేదం చదివిన అగ్నిహోత్రావధాన్లు కొడుక్కి కోపం తప్ప ఏమీ ఇవ్వలేదు. ఇంగ్లీషు చదివినట్టు నటించిన గిరీశం శిష్యుడికి చుట్ట ఇచ్చాడు. సంఘం గడప తొక్కనివ్వని ఒక సాని తన కూతురికి, వృత్తిలోకి దించుతూనే, ఆ వృత్తికి ఒక హద్దు చెప్పింది. కూతురు అది గుర్తుపెట్టుకుంది. పనికివచ్చే వేళకు వాడింది. వాడినందుకు తన ఫీజు వదులుకుంది. నాటకం మొత్తంలో నిజంగా అందిన గురూపదేశం ఇదొక్కటే. ఆ తరువాత పంతులు ఇచ్చిన భగవద్గీత, నా లెక్కలో, రెండవ పాఠం.

గురజాడకు యీ విషయం కేవలం వూహలోంచి రాలేదనుకుంటాను. ఆయన యౌవనంలో ఇంగ్లీషులో కవిత్వం రాసినవాడు. 'సారంగధర' 1883 నాటిది. కలకత్తాలో 'రయిస్ అండ్ రయ్యత్' పత్రిక నడిపిన శంభుచంద్ర ముఖర్జీ దాన్ని మెచ్చుకుని ప్రచురించి, ప్రతిభ వున్నవాడివి, నీ భాషలో రాయమన్న అర్థం వచ్చేటట్టు సలహా ఇచ్చారు. వందల మైళ్ళ దూరం, తెలుగు ఒక్క అక్షరం రాని పెద్దమనిషి, చేసిన సాయం కొంచెం కాగితంమీద చోటు, ఒక నిక్కచ్చి మాట. మెచ్చుకుని వూరుకుంటే ఆయన పత్రికకు ఒక ఇంగ్లీషు కవి మిగిలేవాడు. తనకు మిగలని దారి చూపించాడు. 1892లో 'కన్యాశుల్కం' మొదటిసారి ప్రదర్శింపబడింది. మధ్యలో పదేళ్ళు కూడా లేవు. గురజాడ సహాధ్యాయి గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో వుంటూ సవరలనుంచి సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించడానికి సొంత డబ్బు ఖర్చుపెట్టారు. అక్కడ గురువు ముందు శిష్యుడయ్యాడు, ఖర్చు కూడా భరించాడు. లెక్క ఏ వైపునుంచి ఏ వైపుకు నడిచిందో చూస్తే గిరీశం ఎవరో, గిడుగు ఎవరో తెలియడానికి పెద్ద సిద్ధాంతం అక్కరలేదు.

మా మిత్రుల్లో కొందరు ఇంకో ఆక్షేపణ తెస్తారు. చిన్న సుఖాల సాహిత్యం మధ్యతరగతిని జోకొట్టే సాహిత్యమని, కడుపు కాలుతున్నవాడికి కాఫీ రుచి వర్ణించడం ద్రోహమని. వాళ్ళు సాధారణంగా మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం కథల్ని వేలెత్తి చూపిస్తారు. చాలీచాలని జీతం బడిపంతులు, మాటకు మాట అప్పగించే భార్య, ఇంట్లో సరదా తగాదా. జీతమెందుకు చాలదో ఆ కథలు అడగవు. నిజమే. అడగవు. ఆ లోపం లోపమే. కాని కాంతం నోటిని జ్ఞాపకం చేసుకోండి. ఇంట్లో ఆడదానికి జవాబు చెప్పే హక్కు లేని రోజుల్లో, భర్త పాండిత్యాన్ని భార్య ఎగతాళి చెయ్యడం, ఓడిపోయిన ఆ భర్తే కథ చెప్పడం, పాఠకులు ఆమె పక్షాన నవ్వడం చిన్న విషయం కాదు. జోకొట్టే హాస్యం, మేలుకొలిపే హాస్యం అని రెండు గదులు కట్టి రచయితలను అటొకరిని, ఇటొకరిని తోసేస్తే మనకే నష్టం. ఒకే కథలో రెండూ వుంటాయి. ఒకే నవ్వులో కూడా.

సుఖం చిన్నదైనంత మాత్రాన నీచమైనదీ కాదు, పవిత్రమైనదీ కాదు. వెంకటేశం చుట్ట అతన్ని గిరీశానికి కట్టేసింది. మధురవాణి పేకాట పెద్దమనుషుల ముసుగు తీసింది. కాఫీ కప్పును ప్రేమతో పట్టుకోమని మా కాలేజీలో చెప్పిన ఉపన్యాసకుడితో నాకు కాఫీ దగ్గర తగాదా లేదు. హాస్టలులో ఆ కాఫీ నీళ్ళలా ఎందుకుందో అడగకుండా పట్టుకోమన్నాడు, అక్కడ తగాదా.

ఇంతా చెప్పి ఒక చిక్కును దాటవెయ్యలేను. బుచ్చమ్మ సంగతి. విధవా పునర్వివాహం న్యాయమని ఆమెకు చెప్పినవాడు గిరీశమే. అబద్ధపు మనిషి నోట నిజం. అతని దృష్టి ఆమె మీదా, ఆస్తిమీదా. ఆమె మాత్రం ఆ మాటల్ని నిజమని నమ్మి ఇల్లు దాటింది. గిరీశం పాచిక పారలేదు; బుచ్చమ్మను సౌజన్యారావు పూనాలోని విధవాశ్రమానికి పంపే ఏర్పాటుతో ఆమె కథ ముగుస్తుంది. గిరీశం రాకపోతే ఆమె ఆ వంటింట్లోనే వుండిపోయేది. అంటే అమ్ముడుపోయే ఉత్సాహం కూడా ఒక్కొక్కప్పుడు తలుపు తెరుస్తుంది, అమ్మినవాడు అనుకోని చోటికి. ఆ కాగితం జేబులో పెట్టుకున్న కుర్రవాణ్ణి నేనందుకే మందలించలేదు. వాడు దాన్ని పట్టుకుని ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నాడో అడిగాను. ఆ తరువాత వాడూ, ఇంకో అయిదుగురూ శనివారం సాయంత్రాలు మా ఇంటి అరుగుమీద కూర్చుని 'కన్యాశుల్కం' వేషాలు పంచుకుని చదవడం మొదలుపెట్టారు. మధురవాణి వేషానికి పోటీ ఎక్కువ. వెంకటేశం వేషం ఎవరూ అడగరు.

నాటకంలోనూ అతన్ని అడిగినవాళ్ళు లేరు. సుబ్బి పెళ్ళి తప్పింది, బుచ్చమ్మకు దారి దొరికింది, మధురవాణి చేతికి గీత వచ్చింది, గిరీశం కథ అడ్డం తిరిగింది. చివరి అంకంలో వెంకటేశం కనిపించడు. గురువు ఇల్లు వదిలి పోయాక ఆ కుర్రవాడు తప్పిన పరీక్షకు మళ్ళీ కూర్చున్నాడో లేదో, అతని పక్కన కూర్చుని కబుర్లు చెప్పడానికి ఇంకెవరైనా దొరికారో లేదో గురజాడ రాయలేదు. వచ్చే శనివారం మేము చదవబోయేది ఆ అంకం.